ఉప్పు నీళ్లు

మోత్కూరు పక్కన ఆ నేతగాళ్ల వాడలో, సాయంత్రం సీరియల్ యాళ్లకు ప్రతి ఇంట్లో టీవీ కింద సర్వగిన్నె పెడతారు. తెర మీద కోడలు ఏడిస్తే కన్నీళ్లు కిందికి కారతాయి మరి, పెట్టకపోతే గచ్చంతా తడే. ఆ నాటకం నీళ్లు సప్పగా ఉంటాయి, పడుగు పోగులకు పట్టే గంజిలో కలుపుతారు. వార్తల్లో నిజంగా ఏడ్చేవాళ్ల నీళ్లు మాత్రం పారబోస్తారు. అవి ఉప్పగా ఉంటాయి, పోగులు తెగుతాయి.

పరమేశ్వర్ మగ్గం మీదనే గుండె ఆగి పోయిండు. పెళ్లాం ఆండాళు కొయ్యబారిపోయింది. చుక్క రాల్చలేదు. మర్నాడు టీవీవాళ్లు వచ్చారు.

"జర గట్టిగ ఏడ్వమ్మా. సీరియల్ల లెక్క, గోడకు ఒరిగి," అన్నాడు మైకు పట్టుకున్నాయన.

పాపం, చెప్పినట్టే చేసింది. ఆ రాత్రి వార్తల్లో ఆమె ఏడుస్తుంటే సర్వ నిండింది. అత్త గోపమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"సప్పగున్నయి! నా కొడుకు పోతే నాటకమాడినవా?"

"వాళ్లే గట్ల ఏడ్వమన్నరు అత్తమ్మా!"

"ఏడ్వమంటే ఏడుస్తరానే ఎవరన్న? ఆని మగ్గం ముట్టకు."

వాడంతా అదే మాట. ఎవ్వరూ ఆమె గడప తొక్కలేదు. ఆండాళు పాలమూరు పోయి హాస్టల్లో వంటకు కుదిరింది.

సంవత్సరీకం నాడు ఆ టీవీవాళ్లే పాత బొమ్మలు మళ్లీ వేశారు. ఆనాడు కెమెరా ఆపడం మరిచినట్టున్నారు. తెర మీద, అందరూ బయటికి పోయాక, మగ్గం గుంతలో మొగుడు కూర్చునే జాగాలో ముడుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఆండాళు ఏడుస్తాంది. సర్వ పొంగింది. నీళ్లు గచ్చు మీదుగా పారి మగ్గం గుంత నిండింది.

గోపమ్మ నాలుక మీద చుక్క వేసుకుంది.

"అయ్యో, నా నోట్ల మన్నువడ!"

తెల్లారి చెంబులో ఆ నీళ్లు నింపి, ఒలకకుండా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. హాస్టల్ వంటింట్లో ఆండాళు గంజి వారుస్తాంది.

"నీ కన్నీళ్లే బిడ్డా. ఉప్పగున్నయి. ఇంటికి రా, మగ్గం నీదే."

ఆండాళు చెంబు అందుకుంది.

"ఆయన పోయిననాడు నన్ను ఒక్కపారి పట్టుకొని ఏడిస్తే చాలుండె అత్తమ్మా."

గోపమ్మ అప్పుడు పట్టుకుని బావురుమంది. కోడలు పట్టుకోనిచ్చింది, కానీ ఆమెకు ఏడుపు రాలేదు. అత్తకు కడుపునిండా అన్నం పెట్టింది. నీళ్లు పారబోసి, చెంబు కడిగి చేతికిచ్చి, సాయంత్రం బస్సెక్కించి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.