తూర్పు కొమ్మ

రాజంపేట దగ్గర ఉమామహేశ్ నర్సరీలో మామిడి అంటు కట్టాలంటే రెజీనాయే కట్టాలి. ఆమె కట్టినవి నూటికి తొంభై అయిదు బతుకుతాయని పేరు. ఆ పేరే ఇప్పుడామె మెడకు చుట్టుకుంది.

రాయచోటి వైపు నుంచి సిద్దమ్మ వచ్చింది. అయిదేళ్ల కిందట ఇక్కడే రెండు వందల మొక్కలు కొని నాటిన రైతు. చెట్లు ఏపుగా పెరిగాయి, పచ్చగా ఉన్నాయి, ఈ యేడు కూడా ఒక్క పూత లేదు. ఆమె గొడవ పడితే, యజమాని ఉమామహేశ్ ఆ తోట ఆకులనూ, నర్సరీలో అంట్లకు పుల్లలు కోసే తల్లిచెట్టు ఆకులనూ, రెండూ ఒకే రకమో కాదో తేల్చమని ల్యాబుకు పంపాడు. ఆ కాగితం ఇవాళే వచ్చింది.

"చూడక్కా, తల్లికీ పిల్లకీ వెంట్రుకవాసి తేడా లేదంట. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తాదా? నీ తోటకు నీళ్లే చాలడంలేదు," అన్నాడు.

సిద్దమ్మ నిట్టూర్చింది. "అట్లయితే ఇంకో బోరు ఏపిస్తా. బర్రెలు రెండూ అమ్మేస్తా. ఏం చేస్తాం."

రెజీనా ఆ కాగితం వైపు చూసింది. ల్యాబు వాళ్లు అబద్ధం రాయలేదు. తల్లిచెట్టు ఆకులు కోసి ఇచ్చింది తనే, అదీ అలవాటు కొద్దీ తూర్పు కొమ్మ నుంచి. ఏడేళ్లుగా అంటుపుల్లలు కోస్తున్నదీ ఆ కొమ్మ నుంచే. మిగతా కొమ్మలు విరగకాస్తాయి. కొనేవాళ్లకు చూపించడానికి ఆ కాయలు ఉండాలి, వాటి మీద కత్తి పెట్టొద్దని యజమాని మాట. తూర్పు కొమ్మ మాత్రం ఏ మాయరోగమో గాని ఎనిమిదేళ్ల కిందట కాపు మానేసింది. చిగురు కావలసినంత, కోస్తే నష్టం లేదు. భలే కుదిరిందనుకుని కోసింది, తెలివిమాలినది. అంటు ఏ కొమ్మదైతే ఆ కొమ్మ గుణమే మోస్తుందని, కింది వేరు దాన్ని మార్చలేదని, కొత్త పనివాళ్లకు నేర్పేదీ ఈమే!

చెబితే పని పోతుంది, నర్సరీ వెనక తలదాచుకుంటున్న గదీ పోతుంది. చెప్పకపోతే ఆ బర్రెలు పోతాయి, బోరులో గంగ పొంగినా పూత రాదు.

"కాగితాలు నాకు తెలీవు రెజీనమ్మా," అంది సిద్దమ్మ. "ఆదివారం చర్చిలో ప్రార్థన చేసే మనిషివి. నువ్వు చెప్పు, బోరు ఏపించమంటావా?"

ఉమామహేశ్ రెజీనా నోటివైపే చూస్తున్నాడు.

"వద్దక్కా. తప్పు నీళ్లది కాదు, నాది."

సిద్దమ్మను చెయ్యి పట్టుకుని తల్లిచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. మూడు పక్కలా కాయలు, తూర్పున ఒట్టి ఆకు. అంతా చెప్పేసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నోరు ముయ్యి!" అంటూ వెనకే వచ్చాడు ఉమామహేశ్.

రెజీనా ఆగలేదు. "వానలు పడంగానే నేనే వస్తా అక్కా. నీ చెట్ల తలలు కొట్టి, ఈ కాసే కొమ్మల పుల్లలు అంటు కడతా. కూలి వద్దు. మూడేండ్లకు కాపు వస్తాది."

సిద్దమ్మ ఆ కొమ్మను చేత్తో పట్టి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే రెజీనాకు తేలికగా ఉండేది.

"నా ఒక్కదానికేనా? ఈ కొమ్మవి ఇంకెంతమందికి పోయినాయి?"

రెజీనా ఆ కొమ్మవి ఏడాదికి ఎనిమిది వందల అంట్లు కట్టింది, ఏడేళ్లు. ఎవరెవరు కొనుక్కుపోయారో ఎన్నడూ అడగలేదు.