తిరిగొచ్చిన బండి

సంతకు తోలిన బండి సరుకుతో తిరిగి రాకూడదు. అయ్యన్న ఊళ్లో అది ఎంత అశుభమంటే, వచ్చిన ధరకే తెగనమ్మి ఖాళీ బండి తోలుకొస్తారు గాని మూట వెనక్కి తేరు. అలాంటిది ఆ ఏడు మాఘమాసంలో కోడుమూరు దారిలో ఇరుసు విరిగి, బాగుచేసుకునేసరికి సంత ముగిసి, అయ్యన్న వేరుశనగ మూటలతోనే ఇంటికొచ్చాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మరుసటి సంతకు చూద్దురు గదా, ధర పెరిగింది.

రెండోసారి ఎద్దు కుంటింది. మళ్లీ తిరిగొచ్చాడు, మళ్లీ పెరిగింది. ఇక ఊరు ఊరుకుంటుందా? ఇంటినిండా మూటలు దాచుకున్న పెద్ద ఈరన్న వారం వారం గడప ముందు హాజరు.

"ఏమప్పా అయ్యన్నా, ఈ వారం గూడా తిప్పుకొని రా. నీ బండిలో శానా మహిమ ఉండాది."

అయ్యన్నకూ లోలోపల గర్వమే, ఏదో ఒక సాకుతో బండి తిప్పుకొచ్చేవాడు. ఇంట్లో అతని మాట పిల్లి కూడా వినదు, ధరలు మాత్రం వింటున్నాయి. భార్య సుంకులమ్మకు ఒళ్లు మండిపోయేది. వాళ్లకున్నది ఒక్క ఎద్దు. రెండోది ఆమె తమ్ముడు నారాయణను అడిగి తెచ్చుకున్నది. వాన పడితే అతని ఎద్దు అతనికి కావాలి. ఆలోగా కాయలమ్మి ఎద్దును కొనకపోతే ఆ ఏడు చేను బీడే.

మృగశిర కార్తెలో మబ్బు పట్టింది. "ఈసారి అమ్మకుంటే నేను పుట్టింటికే పోతా," అంటూ ఆమె కూడా బండెక్కి కూర్చుంది.

కోడుమూరు మండీలో కాయలు తూస్తుంటే అయ్యన్న ఆగలేక తన బండి మహిమ చెప్పాడు. దళారి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ బండి కాదప్పా. కొరియా అని యాడో దేశముండాది, ఆడ యుద్ధం జరుగుతాండాది. రేపు సరుకు దొరుకుతాదో లేదోనని దేశాలన్నీ ముందే కొని దాచుకుంటాండాయి. నూనె, పత్తి, ఉన్ని, అన్నిటి ధరలూ మండిపోతాండాయి."

అయ్యన్న మొహం మాడిపోయింది. సంతలో కొన్న కొత్త ఎద్దును పట్టుకుని ఇంటిదారి పట్టాక సుంకులమ్మ అడిగింది.

"అంటే ఆడ ఎవరి బిడ్డలో సస్తాంటే మనకు ఎద్దొచ్చిందా?"

అయ్యన్న బండి ఎద్దులను అదిలించాడు.

కొన్నాళ్లకు ధర పడింది. ఈరన్న రుసరుసలాడుతూ వచ్చాడు. "నువ్వు అమ్మినావు, ధర పడె."

"కొరియాలో రాజీ మాటలు మొదలైనాయంటప్పా. దానికే," అన్నాడు అయ్యన్న.

"యాడో కొట్లాడుకుంటే మన శనగబుడ్డలకేం సంబంధం? మూటలు నేనే ఏస్తా. ఒక్కసారి పోయి ఊరికే తిప్పుకొని రా."

ముసలాయన తృప్తికి పోయొస్తే పోయేదేముందని అయ్యన్న కాడి ఎత్తాడు. సుంకులమ్మ ఎద్దుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు. ఈ బండి తిరిగొచ్చి, ఆడ కొట్లాట మల్లా మొదలైతే?"

'దళారి చెప్పింది వినలేదా' అనబోయి అయ్యన్న ఆమె మొహం చూశాడు. కాడి కింద పెట్టాడు.

"ఇది సేద్యానికి తెచ్చిన ఎద్దప్పా," అన్నాడు ఈరన్నతో. "సంతకు పోదు."