క్యారియర్ లేని సైకిల్

“క్యారియర్ లేని సైకిలేం సైకిలే? గ్యాస్ బండ దేనిమీద తెస్తవ్? పిల్లను యాడ కూసోబెడ్తవ్?”

అత్త శంకరమ్మ ఫోన్‌ను చెయ్యంత దూరం పట్టుకుని, అందులోని ఫొటో చూస్తూ అన్న మాటలివి. కరుణ గిన్నెలు తోముతోంది. చేతుల నిండా సబ్బు నురగ ఉంది కాబట్టి వినపడనట్టు ఉండిపోవడానికి వీలైంది. ఆ ఇంట్లో గిన్నెలు తోమడం వల్ల ఆమెకు దక్కే లాభం అదొక్కటే.

ఫొటోలో ఉన్నది మామూలు సైకిల్ కాదు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు. ముందు బుట్ట లేదు, వెనక క్యారియర్ లేదు. ఇంజన్ లేకపోయినా దాన్ని రోడ్ బైక్ అంటారట. కరుణ ఆదిభట్లలో ఒక కంపెనీలో వైర్లు కట్టలు కట్టే పని చేస్తుంది. అక్కడ తనిఖీ సెక్షన్‌లో ఉండే ఒకమ్మాయి అలాంటి దానిమీదే వచ్చేది. ఒకరోజు లంచ్ టైంలో “ఓ రౌండ్ తొక్కు అక్కా” అని ఇచ్చింది. కరుణ చున్నీ నడుముకు బిగించి పార్కింగ్‌లో ఒక చుట్టు తిరిగింది. దిగాక చాలాసేపు నవ్వు ఆపుకోలేకపోయింది. వెనక ఎవరూ కూర్చోకుండా, హ్యాండిల్‌కు ఏ సంచీ వేలాడకుండా ఆమె ఒక్కతే కదిలి ఎన్నేళ్లయిందో. పెళ్లయ్యాక ఆమె చేతికి వచ్చిన ప్రతి వస్తువూ ఇంటిల్లిపాదికీ పనికొచ్చేదే. చివరికి ఫోన్ కూడా కూతురు లిఖిత హోంవర్క్‌కు, అత్త సీరియళ్లకు పోగా మిగిలితేనే ఆమెది. ఇంకెవరూ ఎక్కలేనిది, ఎవరి బరువూ మొయ్యనిది ఒక్కటైనా కావాలని ఆమె మనసు పట్టుబట్టింది. ఆ మాట బయటికి అంటే ఇంట్లో ఏమవుతుందో తెలుసు గనుక, “ఆదిభట్ల దాంక తేలిగ్గ పోవచ్చు” అని మాత్రమే చెప్పింది.

అదీ అబద్ధమేమీ కాదు. గొడవంతా కంపెనీ బస్సు దగ్గరే ఉంది. బస్సు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఆగుతుంది. వీళ్ల ఇల్లు ఊరి బయట కొత్త వెంచర్లో. అక్కడి నుంచి చౌరస్తా దాకా భర్త రాజశేఖర్ బండి మీద దింపాలి. అతను కొట్టడు, తిట్టడు, తాగడు. ఈ మూడూ చెయ్యడని కరుణ పుట్టింటివాళ్లు కూడా అతణ్ని నెత్తిన పెట్టుకుంటారు. అతను చేసేదల్లా ఆలస్యం. కూరలో ఉప్పు ఎక్కువైందనో, చెల్లెలితో ఫోన్‌లో గంటసేపు మాట్లాడిందనో మనసులో పెట్టుకుంటాడు. తెల్లారి ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడితే అతను చాయ్ ఊదుకుంటూ కూర్చుంటాడు. “పోదామా?” అంటే “చాయ్ గూడ తాగనియ్యవా?” అంటాడు. ఈలోపు బస్సు పోతుంది, సగం రోజు జీతం కోత పడుతుంది. “నేను దింపకుంటె నీ నౌకరి ఏడుండేది?” అని సాయంత్రం నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటేనే కరుణకు ఒళ్లు మండేది. అయినా మర్నాడు కూరలో ఉప్పు ఒకటికి రెండుసార్లు చూసుకుని వేసేది. అలా చూసుకుంటున్నప్పుడు అతని మీద కన్నా తన మీదే ఎక్కువ అసహ్యం వేసేది.

స్కూటీ కొనే శక్తి లేదు. తోటి ఆడవాళ్లతో కలిసి వేసిన చిట్టీ ఎత్తితే పన్నెండు వేలు చేతికొచ్చాయి. కొత్త రోడ్ బైక్ దానికి మూడింతలు పైమాటే. అందుకే పాతవాటి కోసం రోజూ ఫోన్‌లో వెతికింది. చివరికి మీర్‌పేట్‌లో ఒకటి తన డబ్బుకు సరిపోయేలా కనిపించింది.

“ఒక్కదానివి పోతె ముంచుతరు. నేనొస్త” అన్నాడు రాజశేఖర్. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బండి మీద బయలుదేరారు.

అమ్మే మనిషి పేరు వికాస్. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సైకిల్‌ను స్తంభానికి ఆనించి ఎదురుచూస్తున్నాడు. తల ఎత్తి చూడాల్సినంత పొడుగు. కరుణ వైపు ఒకసారి చూసి మాటలు మాత్రం రాజశేఖర్‌తో మొదలుపెట్టాడు.

“నాదే అన్న. ఆఫీసుకు దీనిమీదనే పోతుంటి. ఇప్పుడు కారు తీస్కున్న.”

“పదికి చేస్కో తమ్మీ. ఏదో ఆడోళ్ల ముచ్చట తీర్చాలని వచ్చినం” అన్నాడు రాజశేఖర్, తన జేబులోంచి ఇస్తున్నట్టు.

వాళ్లు బేరంలో ఉండగా కరుణ సైకిల్‌ను పట్టుకుంది. వెనక చక్రం లేపి పెడల్ తిప్పి చూసింది. చైన్‌కు నూనె తడి ఆరలేదు, ఎక్కడా తుప్పు లేదు. ఎక్కి కూర్చుంది. సీటు పైకి లేపక్కర్లేదు, దించక్కర్లేదు. కాలు నేలకు అందింది, వేళ్లు బ్రేకులకు అందాయి. తన కొలతలు తీసుకుని చేయించినట్టుంది. ఆ పొడుగు మనిషి దీనిమీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. హ్యాండిల్ మలుపులో జడకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. చూడకేం, చూసింది. కానీ ఎన్నాళ్లనుంచో కోరుకున్నది సరిగ్గా తన ఒంటికి సరిపోయేలా దొరికినప్పుడు మనిషికి కొన్ని సంగతులు గమనించబుద్ధి కాదు. కరుణ చూపు తిప్పుకుంది.

అప్పుడే ఒకామె ట్రేలో మంచినీళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. వికాస్ భార్య హిమజ. గ్లాసు కరుణ చేతికిస్తున్నా కళ్లు సైకిల్ మీదే ఉన్నాయి. కరుణ గేర్ మీద వేలు పెట్టి తడుముకుంటుంటే ఉండబట్టలేనట్టు, “ఎత్తు ఎక్కకముందే మార్చాలక్కా. మధ్యల మారిస్తె చైన్ పడ్తది” అంది.

“హిమజా, నువ్వు పైకి పో” అన్నాడు వికాస్.

ఆమె పోలేదు. ట్రేను కడుపుకు ఆనించుకుని మెట్ల దగ్గరే నిలబడింది.

రాజశేఖర్‌కు విషయం చటుక్కున అర్థమైంది. అలాంటివి అతనికి తొందరగానే అర్థమవుతాయి. కరుణను పక్కకు తీసుకెళ్లి, లాటరీ తగిలినవాడి మొహంతో చెవిలో చెప్పాడు. “సమజైందా? అది ఆయన పెండ్లాం సైకిల్. ఆమెకిష్టం లేకున్న అమ్ముతుండు. లొల్లి గాకముందే వదిలించుకోవాలని తొందర. జర గట్టిగ పట్టుకుంటె తొమ్మిదికే ఇస్తడు. నువ్వు మాట్లాడకు.”

నువ్వు మాట్లాడకు. మూడేళ్ల కిందట కరుణకు ఒక కుట్టుమిషన్ ఉండేది. పెళ్లికి ముందు జాకెట్లు కుట్టి సంపాదించి కొనుక్కున్నది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ కింద అది లేదు. నేల మీద దాని కాళ్ల గుర్తులు నాలుగున్నాయి, అంతే. “నీకు నౌకరి దొరికె గద, మిషనెందుకు? మహేశ్వరం నుంచి ఒకామె వచ్చి కొనుక్కపోయింది” అంది శంకరమ్మ. రాజశేఖర్ టీవీ మీద నుంచి కళ్లు తిప్పలేదు. “అది ఎవరిదని ఆమె అడగలేదా అత్తమ్మా?” అంది కరుణ. అత్త వింతగా చూసింది. “ఎందుకడుగుతది? మంచిగ నడుస్తదా అని అడిగింది. నడుస్తదని చెప్పిన.” అత్త మీద, మొగుడి మీద వచ్చిన కోపం కాలంతో పాటు కొంత చల్లారింది గానీ ఆ మహేశ్వరం ఆమె మీద కోపం మాత్రం చల్లారలేదు. మొహమైనా తెలియని మనిషి. నా చెయ్యి పడి పడి నున్నబడిన ఆ చక్రం చూసి కూడా నోరు మెదపలేదే, ఆడదై ఉండి అని ఎన్నిసార్లు తిట్టుకుందో! ఇప్పుడు ఆ ఆడది ఎలా ఉంటుందో తెలిసింది. చున్నీ నడుముకు బిగించుకుని, రబ్బరు బ్యాండు మీద నుంచి చూపు తిప్పుకుని, అచ్చం తనలాగే ఉంటుంది.

అయినా మనసు ఊరుకుంటుందా? నువ్వు కొనకపోతే సాయంత్రానికి ఇంకొకరు కొంటారు, ఆమెకు ఒరిగేదేముంది అంది. రేపు పొద్దున్నే అతను చాయ్ ఊదుకుంటూ కూర్చుంటే నువ్వు గేటు దాటి వెళ్లిపోవచ్చు అంది. ఎన్నిసార్లు దొరుకుతుంది ఇలాంటి అవకాశం, నీకు మాత్రం ఎవరు జాలి చూపించారు అని నిలదీసింది. కరుణకు సైకిల్ కావాలి.

“సరే అన్న, తొమ్మిదికే తీస్కపో. నా నంబర్‌కు పైసలు కొట్టున్రి” అన్నాడు వికాస్.

రాజశేఖర్ మోచేత్తో పొడిచాడు. కరుణ ఫోన్ తీసింది. నంబర్ కొట్టింది. వికాస్ పేరు తెర మీద వచ్చింది. బొటనవేలు దాని మీదే ఆగింది. తలెత్తి మెట్ల వైపు చూసింది.

“చెల్లె, ఈ సైకిల్ నీదేనా?”

వికాసే ముందు తేరుకుని నవ్వాడు. “పెండ్లికి ముందు తొక్కేదక్కా. ఇప్పుడు పొద్దుగాలే సైకిలేస్కొని తిరిగితె ఇంట్ల పనెవరు చేస్తరు?”

“నిన్ను అడుగుతలేను తమ్మీ.” తన గొంతు అంత గట్టిగా వస్తుందని కరుణకే తెలియదు. “నువ్వు చెప్పు చెల్లె.”

“నాదే అక్కా” అంది హిమజ. “నా మొదటి జీతంతోని కొనుక్కున్న.”

“అమ్ముతవా?”

హిమజ భర్త మొహం చూసింది. చేతిలోని ట్రే చూసుకుంది.

“లేదక్కా. అమ్మను.”

కరుణ ఫోన్ సంచీలో వేసుకుంది. సైకిల్‌ను నడిపించుకుంటూ మెట్ల దాకా తీసుకెళ్లింది. ఆ నాలుగడుగులూ పిల్లను అప్పగింతలు పెడుతున్నంత బాధనిపించింది. హిమజ ట్రేను మెట్టు మీద పెట్టి రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుంది. వికాస్ ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ అటు తిరగలేదు.

గేటు బయట రాజశేఖర్ మొహం ఎర్రబడింది. “అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్. వాళ్ల లొల్లి నీకెందుకే? తొమ్మిది వేలకు మల్ల యాడ దొరుకుతది?” గొంతు తగ్గించాడు. అసలైన మాట అతను ఎప్పుడూ మెల్లగానే అంటాడు. “రేపటిసంది నేను దింప. నడుసుకుంట పో.”

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట వినాల్సి వస్తుందనే కదా ఉప్పు చూసుకుంది! కరుణ చౌరస్తా దాకా నడకను ఊహించుకుంది. ఎంత తెల్లవారుజామున లేవాలో లెక్కవేసుకుంది. కష్టమే, కానీ కాళ్లు నడవలేనంత దూరమేమీ కాదు.

“అట్లనే” అంది.

అతను బండి స్టార్ట్ చేసి, ఆమె వెనక ఎక్కుతుందని ఆగాడు. ఆమె ఎక్కలేదు.

“ఎక్కవా? ఇంటికెట్లొస్తవ్?”

“బస్సున్నది.”

“అన్నం ఎవరు వండుతరు?”

“ఆకలైనోళ్లు.”

బండి స్పీడు పెంచి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా కరుణ నిటారుగా నిలబడింది. తర్వాత అపార్ట్‌మెంట్ గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. ఇంట్లో ఇవాళ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు, లిఖిత మొహం ఎలా ఉంటుందో కూడా తెలుసు. భయం ఏమీ పోలేదు. అయినా ఫోన్ తీసి మళ్లీ వెతికింది. తన డబ్బుకు అందే సైకిల్ ఇంకొకటి కనిపించింది. కింద ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేస్తే ఒక మగగొంతు పలికింది.

“అవ్, సైకిల్ ఉన్నది. మస్తు కండీషన్‌ల ఉన్నది. పదకొండు వేలు.”

“ధర తర్వాత మాట్లాడుకుందాం” అంది కరుణ. “దాన్ని ఇన్నిరోజులు తొక్కినోళ్లెవరో, ముందుగాల వాళ్లకు ఫోనియ్యి అన్నా.”