చుట్టుల నడుమ జాగా

మొగుడు నరేశ్‌కు టిఫిన్ కట్టి, అత్తమ్మ మోకాళ్ళకు నూనె రాసి, కోమల చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి నరేశ్ అన్నాడు. "గా కంపెనీల చేసేదేంది? తీగ చుట్టుడే కదా. ఇంట్ల వత్తులు చుడితె ఏంది, ఆడ తీగ చుడితె ఏంది? ఎందుకు గంత ఉరుకుడు?"

నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు. అందుకే తిరిగి ఒక మాట అనబోతే తనే గయ్యాళిలా కనబడుతుంది.

నార్కట్‌పల్లి బస్సులో నిలబడి ఆమె అదే తలపోసింది. చుట్టుడే, నిజమే. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివి మరీ చుడుతోంది. బోరు మోటరును ఫోనుతో నడిపే స్టార్టర్ డబ్బాలు వాళ్ళ కంపెనీవి. డబ్బాలో ఒక పక్క మనిషిని చంపగల త్రీ ఫేజ్ కరెంటు, ఇంకో పక్క మనిషి వేలు పెట్టే బటన్. ఈ పక్కకు ఆ పక్కకు నడుమ ఏ తీగా కలవకూడదు. అయినా బటన్ పక్కకు కొద్దిపాటి కరెంటు కావాలి, "మోటరు ఆడుతోంది, నీళ్ళు లేవు" అన్న కబురూ అందాలి. అందుకే రెండు నల్లని రింగులు. పెద్దదాంట్లోంచి కరెంటు, చిన్నదాంట్లోంచి కబురు, అయస్కాంతం రూపంలో దాటిపోతాయి. ఒకే రింగు మీద రెండు తీగలు, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా. మొదటిసారి ఇది అర్థమైన రోజు ఆమెకు పట్టలేని సంతోషం కలిగింది. ఎవరికి చెప్పాలో తెలియక అన్నం వండుతూ తనలో తనే చెప్పుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం సూపర్‌వైజర్ దశరథం ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "కోమలా, టెస్టింగ్ డానియల్ పని మానేసిండు. నీకు డిప్లొమా ఉన్నది కదా. గీ డబ్బాలకు నువ్వే టెస్టు సంతకం పెట్టు. పొద్దుగూకేలోపు లారీ కొల్లాపూర్ పోవాలె."

మూడేళ్ళుగా ఎవరికీ గుర్తురాని డిప్లొమా సంతకం అవసరమయ్యేసరికి గుర్తొచ్చింది.

"టెస్టు చేసి పెడత సార్."

"ఒక్కోటి నిమిషం పెడితె ఎప్పుడైతది? ఐదు సెకండ్లు చాలు."

ఆమె నిమిషమే పెట్టింది. రింగు మీది రెండు తీగలకూ మధ్య మూడు వేల వోల్టులు; కరెంటు ఒక తీగ నుంచి ఇంకోదానికి దాటితే బజర్ మోగుతుంది. ఏడో డబ్బా దగ్గర, నలభయ్యో సెకండుకు బజర్ మోగింది. ఇరవై చూసేసరికి నాలుగు మోగాయి. ఒకటి విప్పింది. రింగు అంచు గరుకు తగిలి రెండు తీగల మీది పూత గీరుకుపోయింది. ఎర్రటి రాగి కనిపిస్తోంది. చుట్టింది తన వేళ్ళే. రెండు వారాల కింద కొత్త రింగులు రాగానే అంచులు బాగాలేవని దశరథానికి చెప్పింది. "నువ్వు చుట్టు, ఆలోచన చేసేటందుకు మేమున్నం" అన్నాడతను. చెప్పింది సరే, ఆ తర్వాత కూడా చుడుతూనే ఉంది కదా.

"ఈ సరుకు పోవద్దు సార్. బటన్ మీదికి కరెంటొస్తది."

దశరథం ఆమెతో వాదించలేదు. పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది. నరేశ్.

"ఏంది, మొండికేసినవట? దశరథన్న నాకు ఫోన్ చేసె. ఆయనకంటె నీకు ఎక్కువ తెలుసా? సంతకం పెట్టి ఇంటికి రా."

తన పని గురించి తనతో కాక, తన మొగుడితో మాట్లాడారు. కోపం రావాలి, కానీ ఆమెకు విచిత్రంగా లోపలంతా నిమ్మళమైంది.

"సరే, పెడత. గా మోగిన డబ్బాలల్ల ఒకటి ఇంటికి తెస్త. మన బోరుకు బిగిద్దాం. రోజూ తడిచేతుల్తోని మోటరేసేది అత్తమ్మ కదా. రేపటి సంది నువ్వెయ్యి."

అవతల నవ్వు లేదు.

"నరేశ్, ఏస్తవా?"

"...నీ ఇష్టం," అన్నాడు. ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు.

లారీ డ్రైవర్ అప్పటికే వెనక తలుపు తీసి పెట్టాడు. దశరథం కాగితం ముందుకు తోశాడు. కోమల నాలుగు డబ్బాల నంబర్లకు ఎదురుగా "ఫెయిల్" అని రాసింది. మొత్తం సరుకు ఆపాలని కింద ఒక వాక్యం రాసి, నిండు పేరుతో సంతకం చేసింది.

"రేపటి సంది పనికి రావద్దనుకుంటున్నవా?" అన్నాడతను.

ఆమె కాగితాన్ని ఫొటో తీసుకుంది. గోడ మీద ఓనరు శ్రీదేవి మేడం నంబరుంది. అక్కడి ఆడవాళ్ళెవరూ దానికి ఎన్నడూ ఫోన్ చెయ్యలేదు. ఆమె ఆ నంబరు ఒత్తింది.

"మేడం, నేను కోమలను, వైండింగ్‌ల చేస్త. కొల్లాపూర్ లారీ ఆగింది." ఊపిరి తీసుకుంది. "నేనే ఆపిన."