మంచం కింద మూకుడు

నేను ఒక ఇనప మూకుణ్ణి. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ మా ఇంట్లో వాదనంతా నన్నెక్కడ దాచాలన్నదే.

"అటక మీద పెట్టెయ్," అన్నాడు సూరిబాబు.

"ఎక్కించేదెవరు, మీ నడుమా?" అంది కనకరత్నం.

పెద్దాపురంలో ఓ కమ్మరి నన్ను సుత్తితో సాగదీసి చేస్తే, కనకరత్నం అత్తగారు కొంది. ఆవిడ తర్వాత కోడలి చేతికి వచ్చాను. సామర్లకోట స్టేషను దగ్గర బండి మీద ఏళ్ల తరబడి మిరపకాయ బజ్జీలు వేయిస్తున్నాను. వీళ్లమ్మాయి హేమ చదువంతా నా నూనెలోంచి తేలిందే.

ఆ బండి సంగతి తెలిసే నిరుడు హేమకి ఓ సంబంధం తప్పిపోయింది. ఈసారి కుర్రాడు ఫొటోలోనే పిల్లకి నచ్చాడు. అందుకే కనకరత్నానికి ఇంత భయం. సూరిబాబు మిల్లు ఉద్యోగం ఒక్కటే పెళ్లివారికి చెప్పింది.

"దాచి చేసే పెళ్లి నాకొద్దమ్మా," అంటూనే ఉంది హేమ. వినేదెవరు?

అయినా అతిథులకి బయట కొన్న బజ్జీలు పెట్టడానికి కనకరత్నానికి మనసొప్పలేదు. నాలోనే వేయించి, వేడి చల్లారకముందే నన్ను మంచం కిందకి తోసి, దుప్పటి వేలాడదీసింది. "కొట్లో తెప్పించాం అనండి," అని అందరికీ నేర్పింది.

పెళ్లిచూపులకి మగపెళ్లివారు వచ్చారు. గుమ్మంలో కుర్రాడి తండ్రి భాస్కరం, కనకరత్నం ఒకరినొకరు చూసి ఉలిక్కిపడ్డారు. వెంటనే కొత్తవాళ్లలా నమస్కారాలు పెట్టుకున్నారు. దుప్పటి సందులోంచి నేనూ పోల్చుకున్నాను. ప్రతి గురువారం మా బండి దగ్గర నిలబడి తినే మనిషే.

"ఆయనకి పెట్టకండి వదినగారూ," అంది భాస్కరం భార్య రాజ్యలక్ష్మి. "డాక్టరు వద్దన్నాక నూనె వస్తువు ముట్టరు. గురువారమైతే బాబా గుడి, ఉపవాసం."

కనకరత్నం తలూపింది గానీ, చెయ్యి దాని అలవాటున అది పోతోంది. బజ్జీలు చీల్చి ఉల్లిపాయలు కూరి, ఆయన పళ్లెం కూడా నింపేసింది. అందరికీ నిమ్మకాయ పిండుతూ వచ్చి, ఆయన దగ్గర ఆగింది.

"మీకు నిమ్మకాయ వద్దు కదా అన్నయ్యగారూ."

"మీకెలా తెలుసు?" అంది రాజ్యలక్ష్మి.

హేమ లేచి, మంచం కింద నుంచి నన్ను బయటికి లాగింది.

"మాకు బజ్జీల బండి ఉందండీ. ఇవి అమ్మ ఇందులో వేసినవే."

కనకరత్నం తల దించుకుంది. భాస్కరం కూడా దించుకున్నాడు. నా మసి నేనెన్నడూ దాచుకోలేదు, ఈ అవస్థలన్నీ మనుషులకే. కుర్రాడు మాత్రం హేమని చూస్తూ నవ్వాపుకుంటున్నాడు.

"గురువారానికి ఎన్ని?" భర్తని అడిగింది రాజ్యలక్ష్మి.

"నాలుగు."

ఆవిడ ఆయన పళ్లెంలోంచే ఒకటి తీసి, కొరికి, నిదానంగా నమిలింది. చెయ్యి తుడుచుకుని, గొంతు పెంచకుండా అందరికీ చెప్పింది.

"ముహూర్తం పెట్టించండి. ఇకనుంచి గురువారాలు ఈయనతో నేనూ వస్తాను. ఈయనకి ఒకటి, నాకు మూడు."