ఐదు గ్రంథాలయాలు, ఒకటే కార్డు

గేటు రెక్కకూ గోడకూ మధ్య ఆమె చెయ్యి నలిగిన చప్పుడు నేను విన్నాను.

పెద్ద గ్రంథాలయం మెట్ల మీద పుస్తకాల దొంతర పట్టుకుని నిలబడి ఉన్నానప్పుడు. పదకొండేళ్లుగా నేనక్కడ అటెండర్ని. కాపలావాడు చూస్తూ చూస్తూనే గేటును భుజంతో నెట్టాడు. రెండు వేళ్లు విరిగాయి.

ఆమెది అద్దకం కార్ఖానాలో పని. మోచేతుల దాకా ఎక్కిన నీలిరంగు ఎంత తోమినా పోదు కాబట్టి అందరూ నీలక్క అంటారు.

"ఒక్క పుస్తకం బాబూ. ఇక్కడే కూర్చుని చూసి పోతాను" అంటోంది, చేతిని పొట్టకు అదుముకుని.

"నీది కార్ఖానా పేట కార్డు. దాంతో ఇక్కడ పనేంటి? పో!"

మా ఊళ్లో గ్రంథాలయాలు ఐదు. ఐదూ జనం పన్నులతో నడిచేవే. కానీ ఐదింటికీ ఐదు కార్డులు, ఐదు జాబితాలు. ఒకచోటి కార్డు ఇంకోచోట చెల్లదు. ఏ పుస్తకం ఎక్కడుందో తెలియాలంటే ఐదు గడపలూ తొక్కాలి. కార్ఖానా పేటకు అట్టలూడిన పాత నవలలు, పెద్దవాళ్ల వీధిలోని మా పెద్ద గ్రంథాలయానికి మిగతావన్నీ. ఈ నియమాలు పెట్టింది గ్రంథాలయాల పాలకమండలి అధ్యక్షుడు. అద్దకం కార్ఖానా యజమానీ ఆయనే.

అంతకు ముందు నెలలోనే నీలక్క చెల్లెలు చనిపోయింది. కొత్తగా వచ్చిన పొడిని తొట్టిలో కలిపిన రోజే ఆ పిల్లకు చేతుల మీద తోలు ఊడింది. తర్వాత గొంతు పూడుకుపోయింది. తొమ్మిది రోజులు గిలగిల్లాడి పోయింది. కార్ఖానా డాక్టరు జ్వరమని రాశాడు. పొడి వచ్చిన పీపా మీది పేరును నీలక్క కాగితం మీద దించుకుని అందరినీ అడిగింది. అలాంటి విషాల గురించిన పుస్తకం పెద్ద గ్రంథాలయంలో ఉందని ఎవరో చెప్పారు.

నేను పుస్తకాలు మెట్ల మీద పెట్టేసి వెళ్లి, నా తువ్వాలు చింపి ఆమె చేతికి కట్టాను. అప్పటిదాకా తల వంచుకుని పని చేసుకుపోయినవాణ్ణి. ఆ రోజు నుంచి నా వల్ల కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం కార్ఖానా పేట గ్రంథాలయంలో సభ పెట్టాం. లోపల చోటు చాలక జనం వీధిలో నిలబడ్డారు. స్టేషన్లో బస్తాలు మోసే గూడ్సు మామ ముందుగా లేచాడు.

"కడుపు కాలుతుంటే పుస్తకాలేంటర్రా? కార్ఖానా గేటు బద్దలు కొడదాం పదండి!"

"కొట్టి ఏం అడుగుతావ్ మామా?" నీలక్క అడ్డుపడింది. "మా చెల్లిని చంపిందాని పేరేంటో చెప్పు. తెలీదు కదా? కార్ఖానా డాక్టరు జ్వరమంటాడు. కాదని ఎలా అంటావ్?"

మామ కూర్చున్నాడు. అప్పుడు బైండింగు తాత లేచాడు. నలభై ఏళ్లుగా ఐదు గ్రంథాలయాల పుస్తకాలూ కుట్టిన మనిషి.

"నేను కుట్టేటప్పుడు ఇది వాళ్లది, ఇది వీళ్లది అని చూడలేదు. అన్నీ జనానివే అనుకున్నా. ఇప్పుడు అడుగుదాం. ఒకటే కార్డు. ఒకటే జాబితా. ఏ గ్రంథాలయంలో తీసుకున్నా, ఏ గ్రంథాలయంలోనైనా తిరిగి ఇచ్చే వీలుండాలి."

"నాకు చదువు రాదు. మొయ్యడమైతే వచ్చు. మీ పుస్తకాలెన్నో చెప్పండి" అన్నాడు మామ. వీధంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత నీలక్క కూడా నవ్వింది.

అర్జీ ఇస్తే అధ్యక్షుడు చదవకుండానే చించేశాడు. మేమే మొదలుపెట్టాం. ఐదు చోట్ల అటెండర్లం భోజనం వేళల్లో రిజిస్టర్లు ఎత్తి రాశాం. కాలేజీ పిల్లలు వాటిని ఒక్కటిగా కలిపారు. ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే జాబితా ఐదు గోడల మీదా అతికించాం. జనం గుంపులుగా నిలబడి వేలు పెట్టి వెతుక్కున్నారు. విషాల పుస్తకం పేరు కింద ఎవరో ఎర్రగా గీత గీశారు.

ఆ గీత అధ్యక్షుడి కంటపడింది. "ఆ పుస్తకం రేపటికి ఇక్కడ ఉండకూడదు. కాల్చెయ్" అని లైబ్రేరియన్‌తో అంటుంటే నేను పక్క అలమర సర్దుతున్నాను. సాయంత్రంలోగా 'కుట్లు ఊడినవి' అని రాసిన మూటలో ఆ పుస్తకం తాత కొట్టుకు చేరింది.

తాత దాని కుట్టు విప్పి విడి కట్టలు చేసి కాలేజీ పిల్లలకు తలా ఒకటి పంచాడు. పిల్లలు ఇంగ్లీషులోంచి మన భాషలోకి దించుతూ పోయారు. పొడి పేరు దొరికింది. తోలు ఊడటం, గొంతు పూడటం, అన్నీ ఉన్నాయందులో. చేతి తొడుగులు, ముక్కుగుడ్డ లేకుండా ముట్టుకోకూడదని కూడా ఉంది. నీలక్క ఆ కాగితం మడిచి రవికలో దాచుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే పోలీసులు తాత కొట్టులో దిగారు.

"పుస్తకం ఏదిరా ముసలోడా?"

"జనం దగ్గరుంది."

మొదటి దెబ్బకు ముంజేయి విరిగింది. పుస్తకాలు బిగించే ఇనుప మరలో రెండో చెయ్యి పెట్టి తిప్పారు. ఎదురు కొట్టువాళ్లకు ఆ కేకలు వినిపించాయి. ఒక్క పేరు మాత్రం వినిపించలేదు. చివరికి జుట్టు పట్టుకుని ఆ మరకే తల బాదారు. మేం వెళ్లేసరికి చెల్లాచెదురైన కాగితాల మీద రక్తం ఇంకా పారుతోంది.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తాత శవాన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి పెద్ద గ్రంథాలయం వైపు నడిచాం. అద్దకం వాళ్లు, కూలీలు, విద్యార్థులు. వీధి మొదట్నుంచి చివరిదాకా తలలే.

లాఠీలు విరుచుకుపడ్డాయి. ఒక పిల్ల దవడ పగిలి పళ్లు రాలాయి. గూడ్సు మామ తల నుంచి రక్తం కారుతుండగానే గేటుకు వీపు ఆనించి తోశాడు. వంద మంది అతన్ని తోశారు. బందులు ఊడి గేటు కాపలావాడి గదిమీద కూలింది. వాడు కిటికీలోంచి దూకి పరుగెత్తాడు.

లోపలికి వెళ్లి నేను బల్ల ముందు కూర్చున్నాను. "వరసలో రండి!" అని అరిచాను. వచ్చారు, నమ్మండి. వెనక లాఠీలు ఆడుతుంటే, మోచేతులతో తలలు కాచుకుంటూ వరసలో వచ్చారు. కార్ఖానా పేట కార్డు, బజారు కార్డు, ఏటిగట్టు కార్డు, ఏది ఇచ్చినా ముద్ర వేశాను. ముప్పై ఏడో పుస్తకం ఇస్తుండగా నా భుజం విరిచారు. పక్కనున్న అటెండరమ్మ ముద్ర అందుకుంది. ఆమెను జుట్టు పట్టి ఈడ్చేస్తే ఒక విద్యార్థి కూర్చున్నాడు. అదే వేళకు మిగతా నాలుగు చోట్లా ఇదే జరిగిందని తర్వాత తెలిసింది.

గేటు కూల్చి కాపలావాణ్ణి చంపబోయామని మా మీద హత్యాయత్నం కేసు పెట్టారు. తాత మెట్ల మీంచి జారిపడ్డాడని రాశారు.

జైలుకొచ్చిన మూడో రోజు పదకొండు మంది ఆడవాళ్లను లోపలికి తోశారు. ఆవరణ దాటిస్తుంటే మా ఊచల ముందు నుంచే నడిచారు. అందరికంటే ముందు నీలక్క. పెదవి చిట్లి ఉంది.

"ఏమైందక్కా?" అని అరిచాను.

"కార్ఖానాలో పీపా ఎక్కి ఆ కాగితం అందరికీ చదివాను తమ్ముడూ. చదివాక ఒక్కరూ తొట్టి దగ్గరకు పోలేదు. కొట్టారు. అయినా పోలేదు. స్టేషన్లో మామ జట్టువాళ్లు కూడా బండ్లలోంచి పీపాలు దించేది లేదన్నారు!"

జమాదారు ఆమెను ముందుకు తోశాడు. గోడ మీది గడియారంలో రెండయింది. కార్ఖానా రెండో షిఫ్టు కూత వెయ్యాల్సిన వేళ. ఖైదీలంతా మాటలాపి చెవులు రిక్కించారు.

కూత రాలేదు.