చూడి అన్న మాట

బావకు తెలియనిదంటూ లేదు, అదే ఆయన జబ్బు. డెయిరీ పెట్టిన ఏడాదికే పశువుల డాక్టరుకు పాఠాలు చెప్పడం మొదలెట్టాడు. పాల పరీక్షల ల్యాబులో పనిచేసే మరదలు ఆయనకు సర్వజ్ఞుడని పేరు పెట్టి, అక్క చాటున నవ్వుకునేది.

అక్క ప్రాణమంతా బొల్లి ఆవు మీదే. వయసు మళ్లిన ఆవు. ఈసారి చూడి నిలవకపోతే ఇక ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. చూడి కట్టించాక మళ్లీ ఎదకు వచ్చే రోజులు దగ్గరపడగానే, అక్క చిన్న సీసాలో పాలు పోసి చెల్లెలికి పంపింది.

చూడి నిలవకపోతే ఆ వేళకు పాలల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పడిపోవాలి. అది పడిపోతేనే ఆవు ఎదకు వస్తుంది. బొల్లి పాలల్లో అది పడిపోలేదు. చెల్లెలు సంబరంగా ఫోన్ చేస్తే బావ ఎత్తాడు.

"హార్మోను బాగా ఎక్కువుంది బావా! అంటే..."

"అంటే గింటే నాకు చెప్పక్కర్లేదమ్మా. నేనూ చదివాను."

గాడిదకేం తెలుసు గంధపు వాసన అనుకుని ఆమె పెదవి విరిచి ఫోన్ పెట్టేసింది. అక్కకు ఇమ్మని కూడా అడగలేదు.

సర్వజ్ఞుడు చదివింది సగమే: హార్మోను ఎక్కువున్న ఆవుకు దాన్ని దించే సూది వేస్తే ఎదకు వస్తుందని. చూడి ఆవుకూ అది ఎక్కువే ఉంటుందన్న మిగతా సగం ఆయనకు అక్కర్లేకపోయింది. సాయంత్రానికల్లా సూది తెచ్చి తనే పొడిచాడు.

ఆదివారం చెల్లెలు వెళ్లేసరికి కొట్టంలో బొల్లి ఒకటే అరుపులు. బావ మీసం దువ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"చూశావా మరదలా! నువ్వు ఎక్కువన్నావు, నేను దించేశాను. ఒక్క సూదికే ఎదకొచ్చింది!"

ఈ మొద్దావతారాన్ని కడిగేద్దామని చెల్లెలు నోరు తెరిచేలోగా, మేత గంపతో అక్క వచ్చింది.

"ఎదకొచ్చిందంటే నిలవనట్టేగా?"

"నిలిచిందక్కా. ఆ సూదే పోగొట్టింది."

గంప అక్క చేతిలోంచి జారింది. ఆమె మొగుడి వంక చూడనైనా చూడలేదు.

"మీ బావ సంగతి నీకు తెలియంది కాదు. చూడి అని ఒక్క మాట అనడానికి నీకేం రోగమే?"